ల్యాప్‌టాప్ డిస్కుకు బిట్‌లాకర్ తాళం: ముందు 48 అంకెలు, తర్వాతే ఎన్‌క్రిప్షన్

విండోస్ లాగిన్ పాస్‌వర్డ్ మీ డిస్కుకు తాళం కాదు. ల్యాప్‌టాప్ అడుగు స్క్రూలు విప్పి, ఎస్‌ఎస్‌డీ తీసి, కొన్ని వందల రూపాయలకు దొరికే యూఎస్‌బీ కేసులో పెట్టి ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే చాలు. ఆధార్ స్కాన్లు, ఐటీ రిటర్నులు, పొలం పాస్‌బుక్కు కాపీలు, ఇంటి ఫొటోలు, అన్నీ ఏ పాస్‌వర్డూ అడక్కుండా తెరుచుకుంటాయి. దీన్ని ఆపేది డిస్కు ఎన్‌క్రిప్షన్, అంటే తాళంచెవి లేనిదే చదవలేని రూపంలోకి డేటాను మార్చడం, ఒక్కటే. దానికోసం విడిగా సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. విస్టా కాలం నుంచీ విండోస్‌లోనే బిట్‌లాకర్ ఉంది.

ఆన్ చేయడం పది నిమిషాల పని. ఇబ్బంది అంతా రికవరీ కీ, అంటే డిస్కు మామూలుగా తెరుచుకోనప్పుడు అడిగే 48 అంకెల దగ్గరే. అది ఎక్కడుందో తెలియనివాళ్లకు బిట్‌లాకర్ దొంగను ఎలా ఆపుతుందో సొంతదారునూ అలాగే ఆపుతుంది. కాబట్టి కింద కీ గురించి చెప్పింది కాస్త ఎక్కువే ఉంటుంది, అది దాటేయకండి.

ఇప్పటికే ఎన్‌క్రిప్ట్ అయ్యుందేమో చూడండి

విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెట్టిన కంప్యూటర్లలో డిస్కు దానంతట అదే ఎన్‌క్రిప్ట్ అవుతోంది. హోమ్ ఎడిషన్‌లో కూడా. మీకు చెప్పే జరగాలని లేదు. అందుకే మొదటి పని ఇది:

1. స్టార్ట్ నొక్కి 'సీఎండీ' అని టైప్ చేయండి. కమాండ్ ప్రాంప్ట్ మీద కుడి క్లిక్ చేసి 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' ఎంచుకోండి.

2. మేనేజ్-బీడీఈ -స్టేటస్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి ఎంటర్ నొక్కండి. 'స్టేటస్' ముందు ఒక ఖాళీ, దాని వెంటనే హైఫన్ ఉండాలి.

3. సి డ్రైవ్ కింద మూడు వరుసలు చదవండి: 'కన్వర్షన్ స్టేటస్', 'ఎన్‌క్రిప్షన్ మెథడ్', 'ప్రొటెక్షన్ స్టేటస్'.

'ఫుల్లీ డీక్రిప్టెడ్' అంటే తాళం లేదు, కింది మెట్లకు వెళ్లండి. 'ఫుల్లీ ఎన్‌క్రిప్టెడ్', 'ప్రొటెక్షన్ ఆన్' రెండూ ఉంటే పని అయిపోయింది. మీకు మిగిలింది కీ వెతుక్కోవడమే.

చాలామంది తికమక పడేది మూడో రకం దగ్గర: నూరు శాతం ఎన్‌క్రిప్ట్ అయ్యుంటుంది, కానీ 'ప్రొటెక్షన్ ఆఫ్' అని చూపిస్తుంది. లోకల్ ఖాతాతో (మైక్రోసాఫ్ట్ ఖాతా లేకుండా) వాడుతున్న హోమ్ కంప్యూటర్లలో ఇది మామూలే. డేటా ఎన్‌క్రిప్ట్ అయింది, కానీ దాన్ని విప్పే తాళంచెవిని అదే డిస్కు మీద బాహాటంగా ఉంచింది. తలుపుకు తాళం వేసి చెవిని గొళ్లానికే వేలాడదీసినట్టు. అంటే రక్షణ లేనట్టే.

'ఎన్‌క్రిప్షన్ మెథడ్' దగ్గర మామూలుగా ఎక్స్‌టీఎస్-ఏఈఎస్ 128 అని కనిపిస్తుంది. అది చాలు. 256 కావాలని పట్టుబట్టేవాళ్లు ఆన్ చేయకముందే గ్రూప్ పాలసీలో మార్చుకోవాలి, తర్వాత మార్చాలంటే మొత్తం విప్పి మళ్లీ వేయాలి. ఇళ్లలో వాడే యంత్రాలకు ఆ శ్రమ దండగ. అయితే అక్కడ 'హార్డ్‌వేర్ ఎన్‌క్రిప్షన్' అని ఉంటే మాత్రం వదిలేయకండి. కొన్ని ఎస్‌ఎస్‌డీలు తమలో తామే చేసుకునే ఎన్‌క్రిప్షన్‌ను పాస్‌వర్డ్ లేకుండానే దాటవచ్చని 2018లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. ఆ తర్వాత 2019లో మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ పద్ధతినే డీఫాల్ట్‌గా మార్చింది. అంతకుముందు ఆన్ చేసిన పాత యంత్రమైతే బిట్‌లాకర్ ఆఫ్ చేసి, పూర్తిగా విప్పాక మళ్లీ ఆన్ చేయండి.

ఏ ఎడిషన్, టీపీఎం అనే భద్రతా చిప్ ఉందా

విండోస్, ఆర్ కలిపి నొక్కి 'విన్‌వర్' కొడితే ఎడిషన్ తెలుస్తుంది. ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ అయితే పూర్తి బిట్‌లాకర్ ఉంటుంది. హోమ్ అయితే 'డివైస్ ఎన్‌క్రిప్షన్' అనే కుదించిన రూపం ఉంటుంది. లోపలి యంత్రం రెండింటికీ ఒకటే, మనకు దొరికే మీటలు తక్కువ, అంతే.

అదే రన్ పెట్టెలో 'టీపీఎం డాట్ ఎమ్‌ఎస్‌సీ' కొట్టండి. టీపీఎం వాడకానికి సిద్ధంగా ఉందని, స్పెసిఫికేషన్ వెర్షన్ 2.0 అని కనిపించాలి. డిస్కు తాళంచెవిని దాచేది ఈ చిప్పే. బూట్ అయ్యేటప్పుడు ఫర్మ్‌వేర్, సెక్యూర్ బూట్, బూట్ లోడర్ నిన్నటిలాగే ఉన్నాయని తేలితేనే చెవిని బయటికి ఇస్తుంది. ఏదైనా మారితే ఇవ్వదు, రికవరీ కీ అడుగుతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే తర్వాత వచ్చే, కీ అడిగే నీలి తెరలకు కారణం మీకే తెలిసిపోతుంది.

టీపీఎం కనిపించకపోతే బయాస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే సెటప్‌లో) ఆపేసి ఉండవచ్చు. ఆన్ చేసిన వెంటనే ఎఫ్2 (హెచ్‌పీ అయితే ఎఫ్10, థింక్‌ప్యాడ్ అయితే ఎఫ్1) నొక్కి బయాస్‌లోకి వెళ్లండి. ఇంటెల్ బోర్డుల్లో 'పీటీటీ', ఏఎమ్‌డీ బోర్డుల్లో 'ఎఫ్‌టీపీఎం' అనే పేరుతో ఉంటుంది. ఈ పని ఎన్‌క్రిప్షన్‌కు ముందే చేయాలి. ఎన్‌క్రిప్ట్ అయ్యాక ఆ మీటతో ఆడితే వచ్చేది రికవరీ తెరే.

మొదలుపెట్టే ముందు

ముఖ్యమైన ఫైళ్లు ఇంకో డిస్కులోకి కాపీ చేయండి. ఎన్‌క్రిప్షన్ బ్యాకప్ కాదు. పైగా, చెడిపోయిన మామూలు డిస్కు నుంచి రికవరీ షాపువాళ్లు ఎంతో కొంత లాగగలరు, ఎన్‌క్రిప్ట్ అయిన డిస్కు చెడితే, కీ చేతిలో ఉన్నా పని కష్టమవుతుంది. పాత తిరిగే హార్డ్‌డిస్కు అయితే అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో 'చెక్‌డిస్క్' (సీహెచ్‌కేడీఎస్‌కే అని కొట్టి, ఒక ఖాళీ, స్లాష్ ఆర్) నడిపి చెడ్డ సెక్టర్లు ఉన్నాయేమో చూసుకోండి. ఉంటే ఎన్‌క్రిప్షన్ మాట తర్వాత, ముందు డిస్కు మార్చండి.

చార్జర్ తగిలించండి. పెండింగ్‌లో ఉన్న విండోస్ అప్‌డేట్లు, బయాస్ అప్‌డేట్ ముగించి ఒకసారి రీస్టార్ట్ చేయండి. బూట్ అయ్యే పెన్‌డ్రైవ్‌లు తీసేయండి.

ప్రో ఎడిషన్‌లో ఆన్ చేయడం

1. స్టార్ట్‌లో 'మేనేజ్ బిట్‌లాకర్' అని వెతికి తెరవండి. సి డ్రైవ్ పక్కన 'టర్న్ ఆన్ బిట్‌లాకర్' నొక్కండి.

2. రికవరీ కీ ఎక్కడ దాచాలని అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ ఖాతా, ఫైల్, ప్రింట్ అని దారులుంటాయి. ఒక్కటి ఎంచుకోగానే 'నెక్స్ట్' వెలుగుతుంది. అక్కడే ఆగండి, నొక్కకండి. అదే తెర మీద రెండోది, వీలైతే మూడోది కూడా చేయండి.

3. ఎంత భాగం ఎన్‌క్రిప్ట్ చేయాలని అడుగుతుంది. కొత్త కంప్యూటర్‌కు 'యూజ్డ్ డిస్క్ స్పేస్ ఓన్లీ' చాలు, త్వరగా అవుతుంది. ఏళ్లుగా వాడుతున్నదైతే 'ఎంటైర్ డ్రైవ్' తీసుకోండి. డిలీట్ చేసిన ఫైళ్ల ముక్కలు ఖాళీ జాగాలో మిగిలి ఉంటాయి. మొదటి పద్ధతి ఆ ఖాళీని తాకదు, రికవరీ సాఫ్ట్‌వేర్ అక్కడి నుంచి పాత ఫైళ్లు లాగగలదు.

4. 'న్యూ ఎన్‌క్రిప్షన్ మోడ్' ఎంచుకోండి. 'కంపాటిబుల్' అనేది యంత్రాలు మారే బయటి డిస్కుల కోసం.

5. 'రన్ బిట్‌లాకర్ సిస్టమ్ చెక్' దగ్గర టిక్ తప్పకుండా పెట్టి 'కంటిన్యూ' నొక్కండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, టీపీఎం నుంచి చెవి సరిగా వస్తోందని నిర్ధారించుకున్నాకే ఎన్‌క్రిప్షన్ మొదలవుతుంది. తేడా ఉంటే ఏమీ ముట్టుకోకుండా వెనక్కి వస్తుంది.

ఆ తర్వాత మీ పని మీరు చేసుకోవచ్చు. మధ్యలో షట్‌డౌన్ చేసినా, కరెంటు పోయినా ఆగిన చోటి నుంచే కొనసాగుతుంది. ఎస్‌ఎస్‌డీలో త్వరగా అవుతుంది, నిండిన పెద్ద హార్డ్‌డిస్కుకు చాలా గంటలు పట్టొచ్చు. చివర మళ్లీ స్టేటస్ కమాండ్ కొట్టి 'ప్రొటెక్షన్ ఆన్' చూసేదాకా అయిందనుకోకండి.

హోమ్ ఎడిషన్‌లో

సెట్టింగ్స్‌లో 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ', అందులో 'డివైస్ ఎన్‌క్రిప్షన్' తెరిచి ఆన్ చేయండి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి ఉండాలి, కీ ఆ ఖాతాలోకే వెళ్తుంది. ఆ మీటే కనిపించకపోతే 'సిస్టమ్ ఇన్ఫర్మేషన్'ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి కింది దాకా దిగండి. డివైస్ ఎన్‌క్రిప్షన్ వరుసలో కారణం రాసి ఉంటుంది: టీపీఎం వాడకంలో లేదనో, సెక్యూర్ బూట్ లేదనో.

48 అంకెల సంగతి

రికవరీ కీ అంటే ఆరేసి అంకెలు ఉండే ఎనిమిది గుంపులు. దాన్ని పోగొట్టుకునే దారులు కొన్ని పదే పదే కనిపిస్తాయి.

ప్రింటర్ లేక 'ప్రింట్ టు పీడీఎఫ్' నొక్కి ఆ పీడీఎఫ్‌ను డెస్క్‌టాప్ మీదే ఉంచడం మొదటిది. ఫైల్‌గా సేవ్ చేయబోతే ఎన్‌క్రిప్ట్ అవుతున్న డ్రైవ్‌లో పెట్టనివ్వదు కానీ, పీడీఎఫ్ దొంగదారిని విండోస్ పట్టుకోదు. పెట్టె తాళంచెవి పెట్టెలోనే ఉండిపోతుంది.

కాలేజీ లేదా ఆఫీసు ఖాతాతో లాగిన్ అవడం రెండోది. అప్పుడు కీ ఆ సంస్థ దగ్గరికి వెళ్తుంది. చదువు ముగిసి కాలేజీ మెయిల్ మూసేశాక ఆ కీ మీకు అందదు. సొంత ల్యాప్‌టాప్‌కు సొంత ఖాతానే వాడండి.

మూడోది మన దగ్గర బాగా చూస్తాం: ల్యాప్‌టాప్ కొన్నప్పుడు షాపు కుర్రాడు అక్కడికక్కడే ఏదో మెయిల్‌తో ఖాతా తెరిచి సెటప్ చేసి ఇస్తాడు. ఆ మెయిల్ పేరు కొన్నవారికి గుర్తుండదు. ఏడాది తర్వాత కీ అడిగితే అది ఆ మెయిల్‌లో ఉంటుంది. సెట్టింగ్స్‌లో 'అకౌంట్స్' తెరిచి ఏ ఖాతా ఉందో ఇప్పుడే చూడండి. గుర్తు తెలియనిదైతే ఇవాళే మార్చి, కీని కూడా దాచుకోండి.

అమెరికాకో ఆస్ట్రేలియాకో వెళ్లిన పిల్లలకు ఇంకోటి. ఖాతాకు ఓటీపీ వచ్చేది ఇండియా సిమ్‌కు. ఆ సిమ్ ఆగిపోతే ఖాతా తెరుచుకోదు, కీ దొరకదు. విమానం ఎక్కే ముందే రెండో మెయిల్ జతచేసి, కీ కాగితం ఇంట్లోనూ ఒకటి ఉంచి వెళ్లండి.

ఎన్‌క్రిప్షన్ ముందే అయిపోయి కీ లేనివారు, కంప్యూటర్ తెరుచుకుంటున్నంత కాలం ఎప్పుడైనా తీసుకోవచ్చు. ప్రోలో 'మేనేజ్ బిట్‌లాకర్'లో 'బ్యాకప్ యువర్ రికవరీ కీ' ఉంటుంది. హోమ్‌లో ఫోన్ బ్రౌజర్ తెరిచి ఏకేఏ డాట్ ఎమ్‌ఎస్ స్లాష్ మైరికవరీకీ అనే చిరునామాకు ఇంగ్లిష్ అక్షరాల్లో వెళ్లండి. యంత్రం పేరు, కీ ఐడీ, కీ కనిపిస్తాయి. కీ ఐడీ మొదటి ఎనిమిది అక్షరాలను రికవరీ తెర మీద కనిపించే ఐడీతో సరిపోల్చాలి. రెండు మూడుసార్లు విండోస్ వేసిన యంత్రానికి పాత కీలు కూడా జాబితాలో ఉంటాయి. అవి పనిచేయవు.

కీని కాగితం మీద చేత్తో రాసుకుంటే తప్పు పట్టే చిట్కా ఒకటుంది. ప్రతి ఆరంకెల గుంపూ 11తో శేషం లేకుండా భాగింపబడుతుంది. ఉదాహరణకు 135795ను 11తో భాగిస్తే సరిగ్గా 12345. పొరపాటున పక్కపక్క అంకెలు మారి 137595 అయితే శేషం 7 మిగులుతుంది. ఎనిమిది గుంపులనూ ఫోన్ క్యాలిక్యులేటర్‌లో ఒకసారి చూసుకుంటే నిశ్చింత.

ఆ కాగితం బీరువాలో, భూమి పత్రాల పక్కన ఉండాలి. ల్యాప్‌టాప్ బ్యాగు జేబులో కాదు.

ఈ అంకెల విలువ లోకానికి తెలిసొచ్చిన రోజు 2024 జూలై 19. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో లోపంతో దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు క్రాష్ అయి నీలి తెరతో నిలిచిపోయాయి. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. బాగుచేయాలంటే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక ఫైల్ తీసేస్తే సరిపోయేది, కానీ బిట్‌లాకర్ ఉన్న యంత్రాల్లో అక్కడికి వెళ్లడానికే కీ కావాల్సి వచ్చింది.

డి డ్రైవ్‌ను మర్చిపోకండి

మన దగ్గర ల్యాప్‌టాప్ కొనగానే డిస్కును సి, డి అని రెండుగా చీల్చడం అలవాటు. ఫొటోలు, పత్రాలు అన్నీ డిలో పెడతాం. బిట్‌లాకర్ ఒక్కో పార్టిషన్‌ను విడిగా ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. సికి మాత్రమే చేసి ఊరుకుంటే అసలు సరుకంతా బయటే ఉన్నట్టు.

సి పూర్తయ్యాక డికి కూడా 'టర్న్ ఆన్' నొక్కి, ఒక పాస్‌వర్డ్ పెట్టి, దాని రికవరీ కీని విడిగా దాచండి. ఇది సి కీ కాదు, వేరే 48 అంకెలు. తర్వాత 'టర్న్ ఆన్ ఆటో-అన్‌లాక్' నొక్కితే విండోస్ తెరుచుకోగానే డి కూడా తెరుచుకుంటుంది. విండోస్ పాడై సిని ఫార్మాట్ చేసిన రోజు ఆ ఆటో-అన్‌లాక్ సమాచారం సితోపాటే పోతుంది. అప్పుడు డి పాస్‌వర్డో కీయో లేకపోతే డిలో ఉన్నదంతా మూసుకుపోయినట్టే. 'డి ముట్టుకోలేదు, సి మాత్రమే ఫార్మాట్ చేశాం' అన్న మాట ఇక్కడ ఆదుకోదు.

పెన్‌డ్రైవ్‌లకూ ఇదే దారి, అక్కడ 'కంపాటిబుల్ మోడ్' ఎంచుకోవాలి. ఆ పెన్‌డ్రైవ్ టీవీలో, మ్యాక్‌లో నేరుగా తెరుచుకోదు. జిరాక్స్ షాపులో ప్రింట్లకు వాడేదాన్ని ఎన్‌క్రిప్ట్ చేయడం అనవసరం.

బూట్ పిన్: అందరికీ కాదు

మామూలు అమరికలో ఆన్ చేయగానే టీపీఎం తనంతట తానే చెవి ఇచ్చేస్తుంది, లాగిన్ తెర దాకా వచ్చాకే మీ పాస్‌వర్డ్ పని మొదలవుతుంది. టీపీఎం విడి చిప్‌గా ఉన్న కొన్ని పాత ల్యాప్‌టాప్‌ల్లో ఆ చెవి వైర్ల మీద వెళ్తుండగా చిన్న పరికరంతో పట్టేయవచ్చని పరిశోధకులు చేసి చూపించారు. మామూలు దొంగ అంత దూరం వెళ్లడు. క్లయింట్ల ఫైళ్లు మోసే ఆడిటర్లు, లాయర్లు మాత్రం బూట్ పిన్ పెట్టుకోవడం మేలు. ప్రో ఎడిషన్ ఉండాలి.

రన్‌లో 'జీపీఎడిట్ డాట్ ఎమ్‌ఎస్‌సీ' తెరిచి, కంప్యూటర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, విండోస్ కాంపొనెంట్స్, బిట్‌లాకర్ డ్రైవ్ ఎన్‌క్రిప్షన్, ఆపరేటింగ్ సిస్టమ్ డ్రైవ్స్ దాకా వెళ్లండి. 'రిక్వైర్ అడిషనల్ ఆథెంటికేషన్ ఎట్ స్టార్టప్' తెరిచి 'ఎనేబుల్డ్' పెట్టండి. కింద ఉన్న నాలుగు జాబితాలను 'అలౌ' మీదే వదిలేయండి. ఒకదాన్ని 'రిక్వైర్' చేసి మిగతావి అలాగే ఉంచితే పాలసీలు ఒకదానికొకటి అడ్డం పడుతున్నాయని ఎర్రర్ వస్తుంది. ఇప్పుడు 'మేనేజ్ బిట్‌లాకర్'లో బూట్ సమయంలో డ్రైవ్ ఎలా తెరవాలో మార్చే లింకు కొత్తగా కనిపిస్తుంది. కనీసం ఆరంకెల పిన్ పెట్టండి. ఇది విండోస్ లాగిన్‌కు వాడే నాలుగంకెల పిన్ కాదు, రెండూ ఒకటే పెట్టకండి.

పిన్ ఉన్నా లేకపోయినా, బ్యాగులో పెట్టే ముందు మూత మూసి స్లీప్‌లో వదిలేయకండి. స్లీప్‌లో డిస్కు చెవి మెమరీలోనే ఉంటుంది. షట్‌డౌన్ లేదా హైబర్నేట్ చేయండి.

నీలి తెర వస్తే, రాకుండా ఉండాలంటే

బయాస్ అప్‌డేట్ చేసే ముందు 'మేనేజ్ బిట్‌లాకర్'లో 'సస్పెండ్ ప్రొటెక్షన్' నొక్కండి. డిస్కు విప్పబడదు, కొంతసేపు టీపీఎం తనిఖీ ఆగుతుంది. రీస్టార్ట్ తర్వాత తనంతట తానే తిరిగి ఆన్ అవుతుంది. 'టర్న్ ఆఫ్' నొక్కకండి, అది మొత్తం డిస్కును విప్పడం మొదలుపెడుతుంది. ఏఎమ్‌డీ డెస్క్‌టాప్‌లో బయాస్ అప్‌డేట్ లేదా ప్రాసెసర్ మార్పు తర్వాత ఎఫ్‌టీపీఎం రీసెట్ చేయాలా, వై ఆ ఎన్ ఆ అని నల్ల తెర అడగవచ్చు. కీ చేతిలో లేకుండా వై నొక్కారంటే టీపీఎంలోని చెవి చెరిగిపోతుంది.

రికవరీ తెర వచ్చేసిందనుకోండి. కంగారుపడి రీసెట్, ఫార్మాట్ వైపు పోకండి. ముందు ఏం మారిందో ఆలోచించండి: సెక్యూర్ బూట్ ఎవరైనా ఆపారా, బూట్ ఆర్డర్ మార్చారా, పెన్‌డ్రైవ్ తగిలించి ఉందా? పెన్‌డ్రైవ్ తీసి, బయాస్‌లో మార్చినదాన్ని వెనక్కి పెట్టి రీస్టార్ట్ చేస్తే కొన్నిసార్లు కీ లేకుండానే దారిలో పడుతుంది. లేదంటే కీ కొట్టండి. నంబర్ కీలు పనిచేయకపోతే ఎఫ్1 నుంచి ఎఫ్9 దాకా 1 నుంచి 9, ఎఫ్10 సున్నా. ఒకసారి తెరిచాక మళ్లీ మళ్లీ అడుగుతుంటే ప్రొటెక్షన్ సస్పెండ్ చేసి వెంటనే రెజ్యూమ్ చేయండి, కొత్త పరిస్థితిని టీపీఎం గుర్తుపెట్టుకుంటుంది.

కీ లేకుండా తెరిచిస్తామనే వీడియోలను, షాపులను నమ్మకండి. కీ, పాస్‌వర్డ్ రెండూ లేని డిస్కును వాళ్లు ఫార్మాట్ చేసి తిరిగివ్వగలరు, అంతే.

రిపేరుకు ఇచ్చేటప్పుడు స్క్రీను, కీబోర్డు మార్పిడికి కీ అడగాల్సిన పనిలేదు, ఇవ్వకండి. మదర్‌బోర్డు మారిస్తే టీపీఎం కూడా పాత బోర్డుతోనే పోతుంది కాబట్టి మొదటి బూట్‌లో కీ తప్పనిసరి. కౌంటర్ దగ్గరే నిలబడి మీరే కొట్టండి. ఇంటికొచ్చాక స్టేటస్ కమాండ్ నడిపి 'ప్రొటెక్షన్ ఆన్' ఉందో లేదో చూసుకోండి. రిపేరువాళ్లు సస్పెండ్ చేసి అలాగే వదిలేస్తే డిస్కు ఎన్‌క్రిప్ట్ అయినట్టే కనిపిస్తుంది, తాళం మాత్రం పడి ఉండదు.